సూది సున్నాకి వచ్చేదాకా

విల్ఫ్ ఆర్మరాడ్ అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ప్రొజెక్టరు లోపల ధ్వనిని చదివే గోరంత హెడ్డును తుడుస్తున్నాడు. దూది గోధుమరంగుకు తిరిగితే పారేసి ఇంకోటి చుడతాడు. తెల్లగా వచ్చేదాకా వదలడు. నలభై ఏళ్లు మిల్లులో మగ్గాలు మరమ్మతు చేసిన చేతులవి. కుడి చూపుడువేలి చివరి కణుపు ఏనాడో మగ్గానికి పోయింది. అయినా ఇంత చిన్న పనిలో ఆ వేళ్లు వణకవు.

"ఏం విల్ఫ్, దాన్ని అరగదీసేస్తావా ఏం?" అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు బెర్నార్డ్, కుర్చీలు వరసగా వేస్తూ. "ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే తోముతావా?"

"గిన్నెలు మాట్లాడవుగా," అన్నాడు విల్ఫ్.

ఇంగ్లండులోని నెల్సన్ ఊళ్లో బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ, శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో జరిగే సినీ క్లబ్బు మాత్రం మూతపడలేదు. అందరూ మిల్లు మనుషులే. ఎవరి పెళ్లిళ్లు, ఎవరి సెలవులు వాళ్లు చిన్న ఫిల్ము మీద తీసుకుని, దాని అంచున దారప్పోగంత పట్టీ మీద మాటలు ఎక్కించుకుంటారు. ఆ పట్టీకి ఒకటే రోగం. బొమ్మ నడిచినంతసేపూ వెనకాల పెనం మీద నీళ్లు చిలకరించినట్టు సుయ్‌మంటూనే ఉంటుంది.

ఆ రొద పోగొట్టడానికి విల్ఫ్ ఒక డబ్బా తయారుచేశాడు. రొట్టె కాల్చే రేకు పెట్టె అంత ఉంటుంది. దానికొక నాబు, రొద ఎంత మిగిలిందో చూపే సూది. నాబు తగినంత తిప్పితే రొద ఒక్కటే పోతుంది. మరీ తిప్పితే దాంతోపాటు గొంతులోని సన్నదనమంతా ఊడ్చుకుపోతుంది. ఎంత తిప్పాలో మొదట్లో చెవితో చూసుకునేవాడు. తరవాత్తరవాత సూదిని నమ్మాడు. చెవి మోసం చేస్తుంది, సూది చెయ్యదు అనుకున్నాడు. సున్నాకి వచ్చేదాకా తిప్పేవాడు.

ఆరేళ్లలో నూట నలభై రీళ్లు ఇంటికి పట్టుకెళ్లి, ధ్వనిని ఆ డబ్బాలోంచి పోనిచ్చి, అదే పట్టీ మీద తిరిగి ఎక్కించాడు. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. తన పేరు చెప్పుకోవడానికి ఇదొక్కటైనా మిగులుతుందని అతని ఆశ. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇవాళ్టిది నూట నలభై ఒకటోది, ఎడ్నా క్లెగ్‌ది. భర్త హెర్బర్ట్ పోయి నాలుగు నెలలైంది. సముద్రం చూడ్డానికి బ్లాక్‌పూల్ వెళ్లినప్పుడు తీసిన రీలు. "ఆయన గొంతు నా దగ్గర ఇంతే ఉంది విల్ఫ్, జాగ్రత్త," అని ఆవిడ సంచీలోంచి తీసి ఇచ్చింది.

దీపాలు ఆర్పారు. తెరమీద సముద్రం. గాలికి ఎగిరిపోతున్న టోపీ వెంట ఎడ్నా పరిగెత్తుతోంది. హెర్బర్ట్ ఏదో అంటున్నాడు. వెనక రొద అన్నది లేదు. విల్ఫ్ వరసల పక్కన యంత్రం మీదికి వంగి, తెరను కాకుండా దాని వెలుగులో జనం మొహాలను చూస్తున్నాడు. ఎడ్నా మొహం చూడాలని అతనికి ఉబలాటం.

ఎడ్నా వరస చివర కూర్చున్న ఫిలిస్ వైపు తిరిగి, గొంతు లేకుండా పెదాలు కదిపింది. మగ్గాల హోరులో నోటిమాట వినపడక వీళ్లంతా పెదాలతోనే మాట్లాడుకున్నవాళ్లు. ఆ అలవాటు ఇంకా పోలేదు. విల్ఫ్ యంత్రంలో మునిగి ఉన్నాడనుకుంది కాబోలు.

"ఇది మా ఆయన కాదే. కట్టుడుపళ్ల ఈల ఏదీ?"

"నా రీలూ అంతేగా," అన్నాయి ఫిలిస్ పెదాలు. "మా అమ్మ దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టుంది. అందరివీ అంతే. పాపం, మగ్గాలు విల్ఫ్ చెవులు తినేశాయి. చెప్పకు, కుమిలిపోతాడు."

విల్ఫ్ కళ్లు దించుకున్నాడు. హెర్బర్ట్ మాట్లాడితే పళ్ల సందుల్లోంచి ఈల వచ్చేది, అందుకు క్లబ్బంతా అతన్ని ఏడిపించేది. ఆ ఈల తాను విని ఎన్నాళ్లయింది? రొద పోయిందనుకున్నాడు. పోయింది తన చెవి.

దీపాలు వెలిగాయి. చప్పట్లు కొట్టారు. ఎడ్నా టీ పట్టుకొచ్చింది.

"ఎంత బాగా వచ్చిందో విల్ఫ్. ఎంత శ్రమపడ్డావో."

"ఈల వినబడిందా ఎడ్నా?"

ఆవిడ మొహం ఒక్క క్షణం తేలిపోయింది. "ఏం ఈల? చల్లారిపోతోంది, ముందు టీ తాగు."

తాగాడు. హెడ్డు తుడవకుండానే ప్రొజెక్టరు సర్దేశాడు.

బస్సులో సగం దూరం వచ్చాక తట్టింది. ఏ రీలైనా ముందు ధ్వనిని క్యాసెట్ మీదికి దించుకుని, ఆ తరవాతే డబ్బాలోంచి పోనిచ్చేవాడు. పొదుపు మనిషి, అన్నిటికీ ఒకటే క్యాసెట్ వాడాడు. ఒకదాని మీద ఒకటి దించి నూట నలభై మందినీ తుడిచేశాడు. కానీ ఎడ్నాది ఆఖరుది. దానిమీద ఇంకేదీ పడలేదు. హెర్బర్ట్ రొదతో, ఈలతో ఇంకా అందులో ఉన్నాడు. డబ్బా లేకుండా తిన్నగా ఎక్కిస్తే చాలు. నూట నలభై ఒకరిలో ఒక్కడు. పొద్దున్నే ఎడ్నా దగ్గరికి వెళ్లి రీలు అడుగుదామనుకున్నాడు.

ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా క్యాసెట్‌ను టేప్ రికార్డరులో పెట్టి మొదటికి తిప్పాడు. ఆయాసంగా ఉంటే కాసేపు కుర్చీలో కూర్చున్నాడు.

గుమ్మంలో పాలసీసాలు అలాగే ఉండడం సోమవారం పాలవాడు చూశాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

అంత్యక్రియలకు క్లబ్బు వాళ్లంతా వచ్చారు. "చివరిదాకా మా ఆయన కోసమే పాటుపడ్డాడు మహానుభావుడు," అని ఎడ్నా నిజంగానే ఏడ్చింది. డబ్బాను గుర్తుగా బెర్నార్డ్ తీసుకెళ్లాడు. మేనల్లుడు రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి, పనికిరానివన్నీ వీధిలో చెత్తబండిలో పడేశాడు. పాత టేప్ రికార్డరు అన్నిటికన్నా పైన వానలో తడుస్తోంది. దాని మూతలోంచి క్యాసెట్ కనబడుతోంది. రాసి చెరిపి, రాసి చెరిపి నూలుపోగులా పలచబడిన చీటీ మీద పెన్సిలుతో 'హెర్బర్ట్ క్లెగ్' అని ఉంది.