పంచాంగంలో రాజు

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో తెలుగు పురోహితుడు లేడు గనక ఆ ఉగాదికి పంచాంగం చదివే పని కొండలరాయుడి మీద పడింది. గుంటూరు వైపు ఎమ్మెల్యేగా చేసిన మనిషి. వైద్యానికని వచ్చి ఇక్కడుండగానే దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. తోటివాళ్లు జైళ్లకు పోయారు, పత్రికల నోళ్లు మూతపడ్డాయి. ఇది ఫాసిజమేనని రాయుడు ఎక్కడ మీటింగు పెడితే అక్కడ చెప్పాడు. రెన్యువల్‌కి పంపిన పాస్‌పోర్టు లండన్‌లో మన హైకమిషన్ ఆఫీసులోనే ఉండిపోయింది.

పండక్కి ఆ ఆఫీసు నుంచే ఒక ఆఫీసరు వచ్చాడు, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని. రాజకీయం ఎత్తకపోతే భోజనాలయ్యాక ఇస్తానని కబురు. అది లేనిదే రాయుడు దేశానికి పోలేడు. జైల్లో వేస్తే వెయ్యనీ, అక్కడే ఉండి కొట్లాడాలని ఆయన పట్టు. కబురు మోసింది ఆయన్ని ఇంట్లో పెట్టుకున్న డాక్టర్ ఆనందరావు. చదువుకున్నవాడి భయం కూడా చదువుకునే ఉంటుంది. ఊళ్లో తమ్ముడి ఉద్యోగం, రేపు తన పాస్‌పోర్టు అంటూ కారణాలన్నీ ఏకరువు పెట్టాడు.

డాక్టరు భార్య చాముండేశ్వరి పండక్కి అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో పచ్చడి పంచుతూ రాయుడి దగ్గర ఆగింది. "వేపపువ్వు దొరకలేదన్నయ్యగారూ. గుజరాతీ కొట్లో కాకరకాయ తెచ్చి వేశాను."

"చేదుకి లోటేముందమ్మా ఈ ఏడు," అన్నాడు రాయుడు.

పంచాంగంలో ఏటా ఒక గ్రహం రాజు, ఒకటి మంత్రి. రాయుడు రాజు ఫలం చదివాడు, వానలూ పంటలూ చెప్పాడు. ముందు వరసలో ఆఫీసరు తల ఊపుతూ జేబు తడుముకున్నాడు. రాయుడి చూపు ఆ జేబు మీదే ఆగిపోయింది. నోరు మూసుకుని అది పుచ్చుకుంటే, అక్కడ దిగి ఏ నోటితో మాట్లాడేది?

పుస్తకంలో వేలు పెట్టి తలెత్తాడు.

"ఎంతటి గ్రహమైనా ఇందులో ఏలుబడి ఏడాదే. ఉగాది రాగానే దిగిపోవాలి. గడువు తనే పొడిగించుకున్న రాజు ఈ పుస్తకంలో లేడు. గిట్టని గ్రహాల్ని జైల్లో పెట్టినవాడూ లేడు."

ఆఫీసరు కోటు గుండీ పెట్టుకుని, విస్తరి ముట్టకుండానే వెళ్లిపోయాడు. బయట కారు కదిలిన చప్పుడైంది.

ఆనందరావు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "పాస్‌పోర్టు పోయింది కదండీ."

"పోయింది డాక్టరుగారూ. ఇంకో దారి వెతుక్కుంటాను. కూర్చోండి, మంత్రి ఫలం ఇంకా చదవలేదు."

అందరికంటే ముందు చాముండేశ్వరి, ఆఫీసరు ఖాళీ చేసిన కుర్చీ లాక్కుని కూర్చుంది.