రెండో పక్క పద్యం

నేను ఒక పాటల పెట్టెను. పక్కనున్న పిడి తిప్పితే కడుపులో స్ప్రింగు బిగుసుకుంటుంది, పైన పళ్ళెం తిరుగుతుంది, దాని మీది ప్లేటుని ముల్లు గీకితే ఇత్తడి బాకాలోంచి పాట వస్తుంది. నాకు తెలిసిన పని అంతే. సముద్రం అవతల ఎక్కడో చేశారట. ఎవరు చేశారో గుర్తు లేదు. ఓడలో గడ్డి మధ్య పడుకుని వచ్చాను, అది గుర్తుంది. నా బతుకులో అదొక్కటే విశ్రాంతి.

నన్ను విజయనగరంలో ఒక పళ్ళపొడి షావుకారు కొన్నాడు. పాటల మీద ఇష్టంతో కాదు, సంతల్లో జనాన్ని పోగుచెయ్యడానికి. పొడి పేరు దంతమోహన. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి పళ్ళు నల్లబడ్డ ఆడవాళ్ళు ఆ పొడి కొనుక్కునేవారు. కొని, కొంగున ముడేసుకుని, మళ్ళీ చుట్ట వెలిగించేవారు. ఎవరి దారి వారిది.

ఆ పొడి మీద పాట పాడమని షావుకారు నాటకాల పైడమ్మని అడిగాడు. రాణివేషాలు కట్టే మనిషి. పళ్ళపొడికి పాడనంది.

"ప్లేటుకి రెండు పక్కలుంటాయమ్మా. ఒక పక్క నా పొడి పాట. రెండో పక్క నీకు నచ్చిన పద్యం పాడుకో" అన్నాడు షావుకారు.

ఆ రెండో పక్క కోసం ఆవిడ మద్రాసు వెళ్ళి పాడి వచ్చింది. అక్కడ మైనం మీద పాట పట్టారు. తిరిగి వినిపించమంటే మైనం చెడిపోతుందన్నారు. తన పద్యం ఎలా వచ్చిందో పైడమ్మకి తెలియదు. తరవాత లక్క ప్లేట్లు నాలుగు వచ్చాయి, సంతలు తిరిగే షావుకారు బళ్ళు నాలుగింటికి. ఆవిడకి ఒకటీ ఇవ్వలేదు.

మా బండివాడు అప్పలసూరి. చదువు రాదు. మొదటివారం చీపురుపల్లి సంతలో తెలియక రెండో పక్క వేశాడు. బేరాలాడుతున్నవాళ్ళు ఆగిపోయారు. తట్టలు దించి నేలమీద కూర్చున్నారు. పద్యం సగంలో ఉండగా షావుకారు వచ్చి నా ముల్లు పైకెత్తేశాడు. ఆ రోజు ఒక్క పొట్లం అమ్ముడుపోలేదు.

మళ్ళీ అలాంటి పొరపాటు జరగకూడదని షావుకారు ఒక పని చేశాడు. మైదాపిండి జిగురు ఉడికించి, రెండో పక్క మీద పళ్ళపొడి కాగితం అతికించేశాడు, గోడకి అతికించినట్టు. అందమైన కాగితమే. ఒక దొరసాని పళ్ళన్నీ చూపిస్తూ నవ్వుతుంటుంది. ఆవిడ నవ్వు కింద పైడమ్మ పద్యం.

పై వారం పైడమ్మ సంతకి వచ్చింది.

"సంతంతా కూకుండిపోనాదంట గదరా సూరీ. నా పద్యం నానూ ఓపాలి ఇంటాను, ఎయ్యి."

సూరి ఆవిణ్ణి అక్క వరసలో అప్పా అనేవాడు. ప్లేటు తిరగేసి చూపించాడు. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"పీకెయ్రా."

"లక్క ప్లేటప్పా. తడిపితే కరిగిపోద్దంట. షావుకారు సంపేత్తాడు."

సూరికి నిజంగానే ఆ భయం ఉంది. పైడమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తరవాత నాటకాల కంపెనీతో పై ఊళ్ళకి పోయిందని విన్నాం.

నేను మాత్రం పళ్ళపొడి పాట వేస్తూనే ఉన్నాను. పన్నెండేళ్ళు. ఒక్కో పాటకి ఒక్కో కొత్త ముల్లు పెట్టాలని నా మూతలోపల రాసి ఉంది. సూరి చదవలేడు. చదివినా పెట్టడు. అదే ముల్లుని సానరాయి మీద నూరి నూరి వేసేవాడు. ఆ మొండి ముల్లుతో నేను ఆ పాటను గీకి గీకి తినేశాను. చివరికి బాకాలోంచి ఇసక జల్లించిన చప్పుడే వచ్చేది. జనం దానికీ అలవాటు పడ్డారు.

ట్యూబుల్లో పేస్టు వచ్చింది. పొడి పోయింది, షావుకారు పోయాడు. మిగతా మూడు ప్లేట్లూ బండి కుదుపులకి ఎప్పుడో పగిలిపోయాయి. నన్ను ఎవరూ అడగలేదు గనక సూరి ఇంటి అటక ఎక్కాను. ఎలకలు బాకాలో పిల్లల్ని పెట్టాయి. నేనేమీ అనలేదు.

చాలా ఏళ్ళకి ఒక మధ్యాహ్నం గుమ్మంలో కర్ర చప్పుడయింది.

"ఒరే సూరీ, ఆ ప్లేటు ఇంకా ఉందేటి?"

పైడమ్మ. నడుం వంగిపోయింది. సూరికీ జుట్టు లేదు.

"ఉందప్పా. కరిగిపోతే మరి?"

"ఇనకుండా దాసుకుని ఏటి సేత్తామురా? కరగనీ."

ఇద్దరూ చన్నీళ్ళలో గుడ్డ ముంచి అద్దుతూ కూర్చున్నారు. ప్లేటు కరగలేదు. దొరసాని కొంచెం కొంచెంగా ఊడింది. పళ్ళు ఊడినప్పుడు పైడమ్మ నవ్వింది. ఆవిడ నోట్లో ఒక్కటీ లేదు.

"పొడికి పాట పాడినదాన్ని. నా గతి సూడు."

పొద్దు వాలే వేళకి గీతలు బయటపడ్డాయి. సూరి అగ్గిపెట్టెలోంచి ఒక ముల్లు తీశాడు. కొత్తది. ఎప్పుడు దాచాడో నాకే తెలియదు.

వేశాడు. నేను ఆ పద్యాన్ని పూర్తిగా వినడం అదే మొదలు. పైడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కదలకుండా విన్నది.

"మూడో పాదంలో ఊపిరి సాలక రాగం కుదించీసినాను" అంది. "బాగా పాడీసినానని ఇన్నాళ్ళూ ఎంత మురిసిపోనాను."

"ఎవుడికి తెలిసిందప్పా? సంత సంతే కూకుండిపోనాది."

"నాకు తెలిసింది గదరా. ఇంకోపాలి ఎయ్యి."

సూరి పిడి తిప్పాడు. మూడో చుట్టుకి నా కడుపులో స్ప్రింగు టక్కున తెగింది. సిగ్గుపడ్డాను. సూరి చూపుడువేలు ప్లేటు అంచున ఆనించి తిప్పడం మొదలుపెట్టాడు. గొంతు ఒకసారి ముసలిదయింది, ఒకసారి పసిపిల్లదయింది. అప్పుడు పైడమ్మ తనూ పాడింది, సన్నగా. ఆ పాటకి తగ్గట్టు సూరి వేలు నిదానించింది. మూడో పాదం దగ్గర ప్లేటులో పైడమ్మ ముందే ఆగిపోయింది. సూరి వేలు తీసేశాడు. ఈ పైడమ్మ ఆగలేదు. ఆయాసపడుతూనే రాగం చివరిదాకా తీసి, సూరి వేపు తలూపింది.

ప్లేటు ఆవిడ కొంగులో చుట్టి పట్టుకుపోయింది, వేసుకోవడానికి పెట్టె లేకపోయినా.

చేతులు మారి మారి ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఒక హోటల్లో, మెట్లపక్కన ఉన్నాను. బాకాలో కాగితం పూలు పెట్టారు. పెళ్ళిళ్ళకొచ్చినవాళ్ళు పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. పిడి తిప్పి చూస్తారు. అది ఊరికే తిరుగుతుంది.

మొన్న ఒకావిడ అక్కడి పనివాణ్ణి అడిగింది, ఇది పాడుతుందా అని.

"పాడదండి. చూడ్డానికే" అన్నాడు.

నిజమే. నేనెప్పుడూ పాడలేదు. పాడింది పైడమ్మ.