ఫ్రెష్ చేపలు

ఫ్రిజ్ తలుపు తీయగానే చిన్నకోడలికి కుళ్ళు వాసన గుప్పున కొట్టింది. చేపల గిన్నె చుట్టూ జిగట నీరు కారి కింది అరదాకా పాకింది. రెండ్రోజులుగా కరెంటు వస్తూ పోతూ ఉంది. ఫ్రిజ్ ఎప్పుడు చల్లబడడం మానేసిందో ఎవరూ చూసుకోలేదు. ముక్కు మూసుకుని, గల్లాపెట్టె దగ్గరున్న బావగారిని పిలిచింది.

బస్టాండు ఎదురుగా ఉన్న ఆ హోటలు ఆయనదే. తమ్ముడి భార్య అయితే నమ్మకంగా ఉంటుందని ఆమెను వంటకు పెట్టుకున్నాడు. ఆయన నోట్లో రోజంతా నానే ఇంగ్లీషు మాట ఒక్కటే, ఫ్రెష్. స్నానం చేస్తే ఫ్రెష్ అయినట్టు. టీ పడితే బుర్ర ఫ్రెష్. కొత్త సర్వరు ఫ్రెష్ ముఖం. నిన్నటి కూర మళ్ళీ పొయ్యెక్కితే, ‘ఇప్పుడే ఫ్రెష్‌గా దిగింది సార్’. చేరిన కొత్తలో ఆమె ఆ మాటకు చాటుగా నవ్వుకునేది.

బావగారు వచ్చి ఒక చేపను వేలితో నొక్కాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

“కాస్త ఫ్రెష్ చెయ్యమ్మా,” అన్నాడు.

“కుళ్ళిన దాన్ని ఎలా చేస్తాను బావగారూ?”

“ఉప్పూ నిమ్మకాయా పెట్టి రుద్ది కడుగు. మసాలా దండిగా తగిలించు. బస్సు దిగి తినిపోయేవాళ్ళు, వాళ్ళెవరో మనమెవరో.”

ఆమె కడిగింది. చర్మం చేతికే ఊడి వచ్చింది, పొలుసులు గాజులకు అంటుకున్నాయి. కడిగిన నీళ్ళు బూడిదరంగులో తూము దగ్గర నిలిచిపోయాయి. ఆయన హోటలు, ఆయన పాపం అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ కూర దించింది.

మధ్యాహ్నం బస్సు రాగానే బల్లలు నిండాయి. కళ్ళ డాక్టరుకు చూపించుకుని అత్తగారు కూడా ఆకలితో వచ్చి కూర్చుంది.

“చేపల కూరా? నాకో రెండు ముక్కలు వెయ్యవే.”

ఆమె గరిటె ఎత్తేలోపే బావగారు గల్లా దగ్గర్నుంచి గబగబా వచ్చాడు. “అమ్మకి చేప వద్దు. గుడ్డు వేసిపెట్టు.”

“అదేంట్రా, నాకేం రోగం?”

“అది బయటివాళ్ళకి చేసిందమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.

పక్క బల్ల దగ్గర ఒకావిడ తన పాప కోసం ముల్లు తీసి ముక్క చల్లారబెడుతోంది. చిన్నకోడలు వెళ్ళి ఆ కంచం లాక్కుంది.

“ఎవరూ తినకండి. చేపలు పాడైపోయాయి.”

“దాని మాటలకేంగానీ, ఫ్రెష్ సరుకు సార్,” అని బావగారు నవ్వబోయాడు.

“అయితే అత్తయ్యకు వెయ్యనా?”

ఆయన గల్లాపెట్టె వైపు తిరిగాడు. అప్పటికే సగం తిన్న బస్సు డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాలువ దగ్గరికి పరిగెత్తాడు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు లేచిపోయారు. మిగిలిన కూరను ఆమె చెత్తడబ్బాలో బోర్లించి, ఎవరూ మళ్ళీ ఎత్తకుండా పైన ఫినాయిలు పోసింది.

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు. “నా చెవిలో చెబితే నేను తినకుండా ఊరుకునేదాన్నిగా. ఊరందరికీ వినబడాలా?”

కుళ్ళిన చేపలు కడిగినప్పుడు కూడా ఆమెకు అంత రోత పుట్టలేదు. ముసలావిడ మీదా, మసాలా నూరిన తన మీదా ఒకేసారి పుట్టింది. చేతులు కడుక్కుని బయటికి నడిచింది.

“ఇంక అన్నయ్య ముఖం ఎలా చూడను?” అని ఆ సాయంత్రం మొగుడు తల పట్టుకున్నాడు.

“నీ అన్నయ్య, నువ్వు చూసుకో. నేను చూడను,” అంది.

ఆ వారమే ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. ఆ తర్వాత బావగారి హోటలు ఉన్న వీధిలోంచి నడవాల్సి వస్తే, చుట్టు తిరిగైనా వెనక సందులోంచి వెళ్ళేది.