ఎవరూ ఎంచుకోని మేస్త్రి

సాయంత్రం కోడలు పని నుంచి వచ్చేసరికి మేస్త్రి మెట్ల మీద పలకలు పరుస్తూ ఉండేవాడు. ఒక పక్క మనుషులు నడవడానికి చోటు వదిలి, పలక కింద చెక్కముక్క దూర్చి, కదలకుండా తాడు బిగించి, రెండో అంతస్తు నుంచి వీధి గుమ్మం దాకా ఏటవాలుగా ఒక దారి వేసేవాడు. తర్వాత మామగారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, తాడు తన నడుముకు చుట్టుకుని, కుదుపన్నది లేకుండా కిందకు దింపేవాడు. కింద చేరాక కూడా ఆయన చేతిలోని టీ గ్లాసు నిండుగా ఉండేది. ఆ పని చూడ్డానికే కొందరు సరిగ్గా ఆ వేళకు మెట్లెక్కేవాళ్ళు.

మామగారు గూడ్సు యార్డులో వ్యాగన్లు సర్దించే పని చేసి రిటైరయ్యాడు. బల్బు మార్చబోయి స్టూలు మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనయింది, ఎముక అతుక్కుంది, ఇక నడవొచ్చని డాక్టరు కూడా చెప్పాడు. ఇంట్లో చేతికర్రతో బాగానే తిరిగేవాడు. మెట్ల దగ్గరకు వస్తే మాత్రం కాళ్ళు రాళ్ళయిపోయేవి. కొడుకు గూడ్సు బండికి గార్డు, వారంలో సగం రోజులు ఇంటి పట్టున ఉండడు. అందుకని గుమ్మం పక్క బెంచీ మీద పాత స్నేహితులతో కూర్చునే ఆ సాయంత్రపు కాస్త సమయమూ మేస్త్రి చలవే.

మేస్త్రి ఒక కంప్యూటర్ ఆటలోంచి వచ్చినవాడు. ఆ ఆట తెలిసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు. ఆట మొదలుపెట్టగానే తెర మీద ముగ్గురు వీరులు వచ్చి నిలబడతారు. ఒకరిని ఎంచుకుని సైన్యాన్ని అప్పగించాలి. మిగిలిన ఇద్దరూ ఆట అయ్యేదాకా ఇంటికొచ్చి కూర్చుంటారు, ఎవరి వీరులు వాళ్ళ ఇంటికి. ఒక వంతు మనది, ఒక వంతు అవతలివాళ్ళది. రోజుకు కొన్ని వంతులే ఆడాలి గనక ఒక్కో ఆట వారాల తరబడి సాగుతుంది. అన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరు చుట్టాలున్నట్టే.

ముగ్గురిలో మొదటిది సేనాని. ఆవిడకు గుర్రాలున్నాయి. మిగతావాళ్ళ కాల్బలం చెప్పులు తొడుక్కునేలోగా ఆవిడ కోట గోడ కింద ఉంటుంది. రెండోది మంత్రగత్తె, దూరం నుంచే నిప్పులు కురిపిస్తుంది, కానీ రెండు పోరాటాలకే అలిసిపోతుంది. మూడోవాడు వంతెనల మేస్త్రి. అతని దాడి బలం ఎంతో చూసి కొత్తవాళ్ళు అచ్చుతప్పేమో అనుకునేవాళ్ళు. నీళ్ళు అడ్డొస్తే సైన్యాన్ని దాటించడం తప్ప అతనికి ఇంకో విద్య లేదు. అందరూ సేనానినే ఎంచుకునేవాళ్ళు. కోడలూ అంతే. దాంతో ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా మంత్రగత్తె సోఫాలో కునుకు తీస్తూ, మేస్త్రి ఏదో ఒకటి బాగుచేస్తూ కనిపించేవాళ్ళు. మంత్రగత్తె స్నానాల వేళకు లేచి బకెట్లో ఒక వేలు ముంచి నీళ్ళు కాగబెట్టి మళ్ళీ పడుకునేది. మేస్త్రి కోసం పక్కింటివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, తలుపు పడట్లేదనో, షెల్ఫు ఒరిగిందనో.

కోడలు పనిచేసేది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో. పగలంతా ఎవరెవరివో దవడలకు మైనంతో పళ్ళు చెక్కి, గోళ్ళ సందుల్లో తెల్లటి పొడితో ఇంటికొచ్చేది. మొహం కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంటే మామగారు కుర్చీ పక్కకు లాక్కునేవాడు. మౌస్ ముట్టుకునేవాడు కాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"సేనానిని అంత ముందుకు తోలేయకమ్మాయ్. వెనక తిండి బండ్లు ఎక్కడున్నాయో చూశావా?"

"ఆవిడ వేగమే ఆవిడ బలం మామయ్యా. బండ్ల కోసం ఆపితే ఆవిణ్ణి ఎంచుకోవడం ఎందుకు?"

"యార్డులో మేం ఇంజన్ని మెచ్చుకునేవాళ్ళం కాదు. ఏ వ్యాగన్ ఏ వ్యాగన్ వెనక ఉందో అదే చూసేవాళ్ళం."

ఆమె నవ్వి, మాట కొంత విని, కొంత వదిలేసేది. కానీ ఆ మాటల వల్లే తన ఆట మారిందని ఆమెకు తెలుసు. గుర్రాల్ని రెండు దండులుగా విడగొట్టి, ఒకటి కొడుతుంటే రెండోది ఊపిరి పీల్చుకునేలా ఆడటం అప్పుడే నేర్చుకుంది. ఆ ఎత్తుతోనే ఊళ్ళో జరిగే పోటీలో ఒక్కొక్కరినే ఓడించుకుంటూ చివరి ఆట దాకా వచ్చింది.

చివరి ఆట బేకరీ ఆయనతో. సేనానిని ఆయనంత బాగా నడిపేవాళ్ళు లేరు. పోటీలు లేని రోజుల్లో కూడా జనం ఆయన పాత ఆటల రికార్డింగులు తెచ్చుకుని చూసేవాళ్ళు. ఆయన గుర్రాలు ఎప్పుడు తిరుగుతాయో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఓడినవాళ్ళు కూడా ముచ్చటగా చెప్పుకునేవాళ్ళు.

చివరి ఆటకు మ్యాపు వచ్చిన సాయంత్రం కోడలు చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చుంది. సేనానితో ఆడుతున్న మామూలు ఆట ఇంకా ముగియలేదు, కొత్తది మొదలుపెడితే దాన్ని వదిలేసుకోవాలి. మ్యాపు నిండా నదులే. ఉన్న ఒక్క వంతెనా బేకరీ ఆయన వైపు ఉంది.

"సేనానిని తీసుకుంటే ఆ వంతెన దగ్గరే పడిపోతాను. ఆయన మీద గుర్రాలతో నా పప్పులుడకవు," అంది.

"మంత్రగత్తె?"

"ఒడ్డున నిలబడి నిప్పులు కురిపిస్తుంది. రెండు వంతుల తర్వాత ఆవిడకు నీరసం, నాకు ఓటమి."

సోఫాలోంచి మంత్రగత్తె కళ్ళు తెరవకుండానే ఔనన్నట్టు తలూపింది. మూడో పేరు ఇద్దరూ ఎత్తలేదు. ఆ మూడోవాడు గది మూలన నేల మీద కూర్చుని, మామగారి కుర్చీ చేతికి వదులైన మర బిగిస్తున్నాడు. బిగించే చెయ్యి ఆగిపోయింది. కానీ తల ఎత్తలేదు.

మామగారే అన్నాడు. "మేస్త్రిని తీసుకో."

"వారాలు పడుతుంది మామయ్యా. అన్నాళ్ళూ మిమ్మల్ని కిందకు దింపేదెవరు? సేనాని వచ్చి కూర్చుంటుంది. ఆవిడ సంగతి తెలిసిందే, ఒకచోట కాలు నిలవదు."

"దిగకపోతే దిగను. బెంచీ ఎక్కడికీ పోదు." ఆయన మూలకు తిరిగాడు. "మేస్త్రీ, నువ్వేమంటావు?"

మేస్త్రి లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "నేనెప్పుడూ ఆడలేదండీ," అన్నాడు. తర్వాత, తన గురించి కాదన్నట్టు, "ఆ మ్యాపులో పడమటి పాయ లోతు తక్కువే అనుకుంటా. తెప్పలు కలిపి కట్టొచ్చు," అన్నాడు.

అతను ఆ మ్యాపు ఎప్పుడు చూశాడో ఆమెకు తెలియదు. ప్రతి సాయంత్రం వెనక నిలబడి చూసేవాడేమో. తను ఎన్ని ఆటలు ఆడిందో, ప్రతిసారీ అతని మొహం మీదుగా చూపు ఎలా జారిపోయిందో ఆమెకు గుర్తొచ్చింది. మౌస్ మూడో బొమ్మ మీదకు తీసుకెళ్ళి నొక్కింది. మేస్త్రి స్క్రూడ్రైవరు జాగ్రత్తగా కిటికీ అంచు మీద పెట్టి, మామగారికి నమస్కారం పెట్టి, వెళ్ళిపోయాడు. అతను నిలబడ్డ చోట సేనాని నిలబడి ఉంది, చేతిలో కళ్ళెంతో, గుర్రం లేకుండా. ఎంతసేపని నిలబడుతుంది, కళ్ళెం తలుపు గడియకు తగిలించింది.

మర్నాడు సాయంత్రం మామగారు కిటికీ దగ్గర కూర్చుని కింద బెంచీ వైపు చూస్తున్నాడు. సేనాని ఆ గది నుంచి ఈ గదికి నడిచి నడిచి ఆయన ముందు ఆగింది.

"కిందకు వెళ్ళాలా నీకు?"

"దింపగలవా?"

"నేను మనుషుల్ని మోయను. నడిపిస్తాను."

ఆవిడ కర్ర ఆయన చేతిలో పెట్టి మెట్ల దాకా తీసుకెళ్ళింది. పై మెట్టు దగ్గర ఆయన కాళ్ళు మామూలుగానే బిగుసుకుపోయాయి, నుదుట చెమట పట్టింది. సేనానికి ఆ భయం కొత్త కాదు. మొదటి యుద్ధానికి వచ్చిన ప్రతి సిపాయి మొహంలోనూ చూసిందే.

"ఇక్కడ నిలబడటమే ఇవాళ్టి నీ వంతు," అంది. "నీ వంతు అయింది. ఇప్పుడు మెట్టు వంతు."

ఇద్దరూ నిలబడి మెట్టు వంక చూశారు. మెట్టు మెట్టులాగే ఉంది.

"ఏం చేసింది?"

"ఏమీ చేయలేదు," అన్నాడు మామగారు.

"సరే. లోపలికి పోదాం పద."

తర్వాతి సాయంత్రం ఒక మెట్టు దిగాడు. మెట్టు తన వంతు వచ్చినా ఊరుకుంది. ఆ తర్వాత మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఒకసారి మధ్యలో కాలు వణికి కటకటాలు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. సేనాని తొందరపెట్టలేదు. గుర్రాల్ని తోలడంలో అంత దుడుకుగా కనిపించే మనిషికి ఇంత ఓపిక ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆట ఆడేవాళ్ళు ఆవిడ పరుగే చూశారు గానీ, బెదిరిన గుర్రం పక్కన ఆవిడ ఎంతసేపు నిలబడగలదో చూసినవాళ్ళెవరు?

ఆటలో మేస్త్రి మొదట కోట పోగొట్టుకున్నాడు. బేకరీ ఆయన గుర్రాలు వంతెన దాటి వచ్చి దాన్ని ఎగరేసుకుపోయాయి. చూసేవాళ్ళు ఉసూరుమన్నారు. కానీ లెక్క చూస్తే మేస్త్రి మనుషులు ఒక్కరూ తగ్గలేదు. కోటలో ఎవరూ లేరు; కోటా సైన్యమూ రెండూ చిక్కితేనే ఆట పోతుంది. అందరూ అప్పటికే పడమటి పాయ దాటేశారు, తెప్పల మీద. దాటాక అతను తెప్పల్ని విప్పి మోయించుకుని పోయాడు. గుర్రాలు ఒడ్డుకొచ్చి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అక్కణ్ణుంచి అతను ఎవరితోనూ పోరాడలేదు. ఈ రేవు, ఆ రేవు, నిశ్శబ్దంగా పట్టుకుంటూ పోయాడు. రోజూ భోజనాల దగ్గర కోడలు ఆ ఎత్తులు చెబుతుంటే మామగారు అన్నం చల్లారబెట్టుకుని వినేవాడు. "చూశావా, ముందు రేవు పట్టి తర్వాత తెప్ప తెచ్చాడు. చేతిలో పనితనం ఉన్నవాడు," అనేవాడు. సేనాని కూడా వింటూ, అక్కడ చిక్కుకుంటున్నవి తనలాంటి సేనాని గుర్రాలేనని తెలిసి కూడా, "బాగా వేశాడు," అని ఒప్పుకునేది.

ఆఖరుకు బేకరీ ఆయన ఒక పొరపాటు చేశాడు. పొరపాటని అనడానికి లేదు, ఇంకెవరి మీదైనా అది గెలిచే ఎత్తే. మేస్త్రి ఒక లంక మీదకు వేసిన వంతెన ఖాళీగా కనిపిస్తే గుర్రాలన్నిటినీ దాని మీదుగా తోలాడు. కోడలికి తన వంతు వచ్చింది. చేయాల్సింది ఒక్కటే, వంతెన విప్పడం. నొక్కింది. గుర్రాలు లంక మీద మిగిలాయి, ఆయన కోట ఇవతల మిగిలింది, కాపలాకు ఎవరూ లేకుండా. మేస్త్రి మనుషులు నేరుగా అందులోకి నడిచారు, ఆట అయిపోయింది. అవతలి నుంచి బేకరీ ఆయన మాట వచ్చింది: "మీ మేస్త్రికి నా నమస్కారం చెప్పండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన్ని సరిగ్గా చూడలేదు."

ఈ మాట మామగారికి వినిపించాలని కోడలు గబగబా తిరిగింది. పక్క కుర్చీ ఖాళీ. సోఫా కూడా ఖాళీ, ఆట ముగిసింది గనక మంత్రగత్తె వెళ్ళిపోయింది. తలుపు గడియకు కళ్ళెం లేదు. అది మామగారు సేనానితో మెట్లు దిగే వేళ.

పరుగున మెట్ల దగ్గరకు వచ్చింది. మామగారు సగం మెట్ల మీద ఉన్నాడు, ఒంటరిగా. ఒక చేత్తో కటకటాలు, ఒక చేత్తో కర్ర. పక్కన ఉన్న మనిషి ఉన్నట్టుండి లేకపోవడం ఆయనకూ ఇప్పుడే తెలిసినట్టుంది, ఆ ఖాళీ వైపు చూస్తున్నాడు.

"మామయ్యా, కదలకండి. వస్తున్నా."

"గెలిచావా?" అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండా.

"గెలిచాం."

"ఎలాగ?"

"వంతెన విప్పేశాడు. వాళ్ళు లంక మీద ఉండిపోయారు."

ఆయన ఆ బొమ్మ మనసులో వేసుకున్నాడు. భుజాలు నవ్వుతో కదిలాయి. "మొత్తం గుర్రాల్నే," అన్నాడు. "నువ్వు అక్కడే ఉండమ్మాయ్."

ఆమె ఉండిపోయింది. ఆయన కర్ర కింది మెట్టు మీద పెట్టాడు. కాలు పెట్టాడు. ఆగాడు. మెట్టుకు దాని వంతు ఇచ్చి, మళ్ళీ తన వంతు తీసుకున్నాడు. మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆమె కర్ర చప్పుడు వింటూ, కటకటాలు గట్టిగా పట్టుకుని నిలబడింది. చప్పుడు ఆగింది. కింద బెంచీ మీద ఎవరో జరిగి చోటిస్తున్న అలికిడి, ఆ వెంటనే నలుగురూ ఒక్కసారే మాట్లాడుతున్న గోల వినిపించాయి.

ఆ తర్వాత కోడలు ఎక్కువగా మేస్త్రితోనే ఆడింది. ఊళ్ళో మరికొందరూ అతన్ని ఎంచుకోవడం మొదలుపెట్టారు. పక్కింటివాళ్ళ తలుపులు కొన్నాళ్ళు సరిగ్గా పడలేదు గానీ, దానికి ఎవరూ పెద్దగా నొచ్చుకోలేదు. మామగారు బెంచీతో ఆగలేదు. వీధి చివర దాకా, అక్కణ్ణుంచి రైలు గేటు దాకా నడవడం మొదలుపెట్టాడు, పక్కన సేనానితో.

ఒక సాయంత్రం గేటు పడింది. గూడ్సు బండి ఒకటి పొడుగ్గా పోతోంది. మామగారు వ్యాగన్ల వరస చూసి, బాగానే సర్దారని తలూపాడు. చివరి పెట్టెలో ఆయన కొడుకు పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక, జెండా ఊపాలో చెయ్యి ఊపాలో తెలియక, బండి మలుపు తిరిగేదాకా రెండూ ఊపుతూనే ఉన్నాడు.