సీరియస్‌కీ క్రిటికల్‌కీ మధ్య

"పదకొండో బెడ్డా? స్టేబుల్ అండీ. అంతకంటే చెప్పకూడదండీ."

టెలిఫోనమ్మ రిసీవరు పెట్టేసింది. కళ్ళద్దాలు తుడుచుకునేలోగా మళ్ళీ మోగింది.

ఆసుపత్రి మెట్ల కింద గది అది. ఒక కుర్చీ, ఒక ఫోను, పెచ్చులూడిన గోడ. రోగుల సంగతి పైనుంచి నర్సు చెబుతుంది. దానికి సరిపడే ఇంగ్లీషు మాట ఎంచి బంధువులకు చెప్పడం ఈమె ఉద్యోగం. స్టేబుల్, సీరియస్, క్రిటికల్. నాలుగో మాటకు అనుమతి లేదు. సీరియస్ అంటే సాయంత్రం అందరితోపాటు రావాలి. క్రిటికల్ అంటే గేటు ఏ వేళైనా తీస్తారు.

కూర ఎలా ఉందని అడిగితే ఆమె మొగుడు "స్టేబుల్" అనేవాడు. ఉప్పెక్కువైతే "క్రిటికల్". ఆయన పోయాక ఆమె వంటకు వంకపెట్టేవాళ్ళు లేరు. చాలారోజులు ఉప్పు వేయడమే మరిచిపోతోంది.

మొన్న సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి కడిగేశాడు. "ఎవరేడిస్తే వాళ్ళకల్లా క్రిటికల్ అనేస్తావా? వార్డు సంతలా ఉంది. ఇంకోసారి అన్నావో, ఇంటికి పోతావ్."

మధ్యాహ్నం నర్సు పిలిచింది. "ఆ దర్జీ ముసలాయన లేడూ, ఎగశ్వాసగా ఉంది. డాక్టరేమో ఆపరేషన్లో ఉన్నాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు."

వెంటనే దర్జీ చెల్లెలి ఫోను.

"అన్నయ్య ఎలా ఉన్నాడమ్మా?"

క్రిటికల్ నాలుక చివరిదాకా వచ్చింది. టెలిఫోనమ్మ గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరు. అయినా మింగేసింది.

"సీరియస్ అండీ."

"అంటే... ఇప్పుడే రానా తల్లీ? సాయంత్రం దాకా ఆగనా?"

"సాయంత్రం రండి."

గేటుకైనా కబురు చేద్దామని మళ్ళీ రిసీవరెత్తింది. ఉద్యోగం పోతే ఆ వయసులో ఇంకెవరిస్తారు? పెట్టేసింది.

సాయంత్రం గేటు ఇంకా తీయకముందే నర్సు గొంతు వినిపించింది. "దర్జీ పోయాడు. ఎవరైనా అడిగితే పైకి పంపెయ్."

డ్యూటీ దిగి వెళ్తుంటే గేటు కాపలా ముసలాయన ఆపాడు.

"ఆ దర్జీ చెల్లెలు మధ్యాహ్నం నుంచీ ఈ బల్లమీదేనమ్మాయ్. మనసాగక వచ్చేసిందట. ఒకటే బతిమాలింది. ఫోన్లో ఏం చెప్పారంటే సీరియస్ అంది. ఆ పై మాట అనుంటే తీసుండేవాణ్ణి కదా!"

టెలిఫోనమ్మ పెదవులు తడుపుకుంది. "నన్ను తిట్టిందా బాబాయ్?"

"తిట్టడమా? ఆ ఫోనమ్మాయి మంచిది, భయపెట్టకుండా చెప్పింది అంది. అన్నకి గడ్డం గీయాలని నన్ను నీళ్ళడిగి, ఇక్కడే సబ్బు కలుపుకుంటూ కూచుంది. ఇంతలో పైనుంచి పిలిచారు."

ఆమె బల్లవైపు తిరిగింది. చివర ఒక చిన్న గిన్నె ఉంది. అంచు దాకా లేచిన నురగలో నిలబెట్టిన బ్రష్షు, మెల్లగా ఒక పక్కకు ఒరుగుతోంది.