ఏడో పెట్టె

ఎండిన గోనెసంచి ముక్కలను పొగడబ్బాలో కుక్కి, నిప్పంటించి, తిత్తిని రెండుసార్లు నొక్కాడు. తెల్లటి పొగ వచ్చింది. అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాడు, వేడిగా లేదు. వేడి పొగ ఈగల రెక్కలు కాలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా తేనెటీగలతో ఇదే పని కనుక వీధిలో అందరూ ఆయన్ని పొగాయన అనేవారు. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో.

ఇన్నేళ్ళలో ఎన్ని కుట్టాయో లెక్కలేదు. నెల కిందట మాత్రం ఒక్క ఈగ కుడితే గొంతు వాచి, ఊపిరాడక ఆస్పత్రి పాలయ్యాడు. "ఇంకొక్కటి కుట్టిందంటే నా చేతుల్లో ఉండదు" అన్నాడు డాక్టరు. అప్పటినుంచి భార్యకు తేనెపెట్టెలు కనబడితేనే వణుకు. పొగాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. చివరికి ఆమె పోరు పడలేక, పెట్టెలన్నీ తమ్ముడికి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు. సాయంత్రం బండి వస్తుంది.

"మీ తమ్ముడొచ్చి చూసుకుంటాడుగా. మళ్ళీ మీరెందుకండీ మూతలు తీయడం?"

"రాణి ఈగ ఉందో లేదో చూడకుండా ఎలా ఇస్తానే? రాణి లేని పెట్టె ఇస్తే వాడికి ఒట్టి చెక్కలిచ్చినట్టే."

ఆమె మూడు రోజులు కూర్చుని పాత రెయిన్‌కోటు గుడ్డతో కుట్టిన చేతి తొడుగులు తెచ్చి, మడత విప్పి, తనే తొడిగి, మణికట్ల దగ్గర నాడాలు బిగించింది. "ఇవి తీస్తే నా మీద ఒట్టే" అంది. పొగాయన నవ్వాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి తొడుగులు వేసుకోలేదు.

ఆరు పెట్టెలు సాఫీగా అయిపోయాయి. ఏడోదానికి ఆయన పెట్టిన పేరు అత్తగారు. పలకరించినా కోపమే, పలకరించకపోయినా కోపమే. ఈ రోజు మాత్రం అది కిక్కురుమనడం లేదు. అదే ఆయనకు నచ్చలేదు.

పెట్టెలోంచి తేనెపట్టు ఉన్న నాలుగో చట్రం పైకెత్తాడు. రాణి దాని మీదే ఉంది, పొడవాటి ఒళ్ళు ఈడ్చుకుంటూ. అంతలో తొడుగు కింద ఏదో చిట్లింది. వేలికి తెలియలేదు, ముక్కుకు తెలిసింది. మిగలపండిన అరటిపండు వాసన. నలిగిన ఈగ వదిలే ఆ వాసన తక్కినవాటిని కయ్యానికి పిలుస్తుంది. పెట్టె లోపల ఒక్కసారిగా మోత లేచింది.

చట్రం వదిలి పరుగెత్తితే రాణి ఎటు పోతుందో తెలియదు. గబుక్కున దించితే నలిగిపోతుంది. ఎలా చూసినా ఏడో పెట్టె నాశనమే. మెల్లగా దించాలంటే వేళ్ళకు స్పర్శ ఉండాలి, ఈ మందపు గుడ్డలో అది లేదు. ఆయనకు భయం వేసింది, నిజంగానే.

చట్రాన్ని అంచుకు ఆనించి నాడాలు లాగాడు. "నీ ఒట్టు తీసి గట్టున పెడుతున్నానే" అని గొణిగి, తొడుగులు రెండూ జతచేసి ఆరో పెట్టె మూత మీద పెట్టాడు.

చట్రం కొద్దికొద్దిగా దిగింది. రాణి భద్రంగా చీకట్లోకి జారుకుంది. మణికట్టు మీద చురుక్కుమంది. ఒక్కటే. గోటితో ముల్లు గీకి పారేసి, మూత నాలుగు మూలలూ సరిచూసి బిగించాడు.

"రాణి ఉందే!" అని ఇంటివైపు కేకేశాడు.

"అయితే ఇంక వచ్చేయండి" అంది ఆమె వంటింట్లోంచి. బదులు రాలేదు. గిన్నెలు కడగడం పూర్తయ్యేదాకా ఆగింది. అలా ఆగినందుకు తర్వాత బతికినన్నాళ్ళూ తనను తాను క్షమించుకోలేదు.

వచ్చేసరికి పొగాయన ఏడో పెట్టెకు కాస్త దూరంలో, గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. ఊపిరి లేదు. ఆమె ముందు ఆయన చేతులు చూసింది, ఆ తర్వాత ఆరో పెట్టె వైపు చూసింది.

మూత మీద తొడుగులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైదాని బొటనవేలికి ఈగ రెక్క ఒకటి అంటుకుని ఉంది.