అయస్కాంతపు పరుపు

కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్న త్రిపురసుందరిని పక్కింటి విజయశ్రీ పలకరించింది.

"వదినగారూ, అన్నయ్యగారు నాచారం బయల్దేరారా? పదకొండింటికి రమ్మన్నారు మరి."

"నాచారమా? ఎందుకు?"

"అదేనండీ, నేను మోకాళ్ళకి అయస్కాంతం వైద్యం చేయించుకుంటున్నానే, ఆ సెంటరుకి. నిన్న నంబరు అడిగి తీసుకున్నారు. మీకు చెప్పలేదూ?"

బ్యాంకులో పనుందని చెప్పి వెళ్ళాడు భర్త బుచ్చిబాబు. రెండేళ్ళ కిందట గుండె కొట్టుకోవడం మందగిస్తే డాక్టర్లు అతనికి ఛాతీలో పేస్‌మేకర్ అమర్చారు. బలమైన అయస్కాంతాల దగ్గరికి పోకూడదని ఇంటికి పంపేటప్పుడు ఇద్దరికీ మరీ మరీ చెప్పారు. విజయశ్రీ వాళ్ళు ఈ మధ్యే పక్కింట్లో దిగారు కాబట్టి ఆమెకు ఆ సంగతి తెలియదు.

సంచీ అక్కడే వదిలేసి భర్తకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. విజయశ్రీని అడిగి సెంటరు నంబరు, అడ్రసు తీసుకుంది. ఆ నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఉప్పల్ రోడ్డు మీదికి పరుగెత్తి దొరికిన ఆటో ఎక్కింది.

"త్వరగా పోనియ్యి బాబూ, ప్రాణం మీదికొచ్చింది."

"ఎట్ల పోనియ్యాలమ్మా, ముంగట లారీ అడ్డం వడ్డది సూడు," అంటూనే డ్రైవరు ఆటోను పక్క సందులోకి తిప్పాడు.

ఫోన్ చెవి దగ్గర నుంచి దించకుండా కూర్చుంది. అంత తెలిసిన మనిషి ఇంత పని ఎందుకు చేశాడు? కిందటేడు అతనికి కుడి డొక్కలో సర్పి లేచింది. పొక్కులు మాడిపోయినా మంట మాత్రం పోలేదు. చొక్కా తగిలితే చాలు, నిప్పు అంటుకున్నట్టు విలవిల్లాడేవాడు. మొదట్లో పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేది. తర్వాత తర్వాత విసుగొచ్చి, "అందరికీ ఏవో నొప్పులుంటాయి, ఓర్చుకోవాలి మరి," అనేసింది. ఆ రోజు నుంచి అతను నొప్పి మాటెత్తలేదు. తగ్గిందనే అనుకుంది తను.

టైర్ల షాపు పైనున్న సెంటరు మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. లోపల దుర్గేష్ అనే థెరపిస్టు ఎదురొచ్చాడు. బల్ల మీది బుట్టలో బుచ్చిబాబు ఫోను మోగుతూనే ఉంది.

"మా ఆయన ఎక్కడ? ఆయనకి పేస్‌మేకర్ ఉంది!"

దుర్గేష్ ముఖం పాలిపోయింది. "నేను అడిగిన అమ్మా! రెండుసార్లు అడిగిన. లేదన్నడు సార్!" అంటూనే లోపలి గదిలోకి ఉరికి మిషను ఆపేశాడు.

మందపాటి అయస్కాంతపు పరుపు మీద బుచ్చిబాబు కళ్ళు మూసుకుని పడుకునున్నాడు. కదల్లేదు. "ఏవండీ!" అని భుజం పట్టుకుని కుదిపింది. పలకలేదు. ఆమె గొంతులోంచి కేక రాబోతుండగా అతను కళ్ళు తెరిచాడు.

"అప్పుడే ఎందుకు ఆపారు?" అన్నాడు మత్తుగా. లేవబోయి, కళ్ళు తిరిగి మళ్ళీ పరుపు మీదే కూలబడ్డాడు.

దుర్గేష్ సెంటరు మూసేసి, వాళ్ళతో పాటు ఆసుపత్రికి వచ్చాడు. దారంతా బుచ్చిబాబు చేతి నాడి వదల్లేదు. గుండె డాక్టరు హృషికేశ్ పేస్‌మేకర్ పనితీరంతా చూశాడు.

"పేస్‌మేకర్ బాగానే ఉంది. ఈ రోజుకి ఇక్కడే ఉంచి కనిపెట్టి చూస్తాం. ఇంకోసారి ఈ సాహసం చెయ్యకండి," అన్నాడు డాక్టరు.

అప్పటిదాకా బిగపట్టుకున్న దుర్గేష్ భగ్గుమన్నాడు. "గట్ల అబద్ధం ఎట్ల చెప్పిన్రు సార్? మీకేమన్నయితే నేనేం కావాలె? నాకూ ఇల్లు, పిల్లలున్నరు!"

బుచ్చిబాబు తల దించుకున్నాడు. "తప్పు నాదే బాబూ. ఉందంటే పొమ్మంటావని చెప్పలేదు. ఒక్క రాత్రి నిద్రపోతే చాలనుకున్నా. ఆ తర్వాత ఏమైనా ఫర్వాలేదనిపించింది."

ఆ చివరి మాటకి త్రిపురసుందరి అతని దగ్గరికి జరిగింది. "నాకైనా చెప్పలేకపోయారా?"

"ఓర్చుకోమన్నావుగా సుందరీ," అన్నాడతను. అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకు మరీ కష్టమనిపించింది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది. "ఈయనకి నొప్పి కూడా ఉంది డాక్టరుగారూ. నిద్రపోనివ్వనంత నొప్పి. గుండె ఒక్కటీ చూసి పంపెయ్యకండి."

హృషికేశ్ అతన్ని నరాల నొప్పి చూసే డాక్టరు దగ్గరికి పంపాడు. మందు మార్చారు, డొక్క మీద వేసుకునే పట్టీ ఇచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ రేగేది. ఇప్పుడు మాత్రం రేగినప్పుడు చెబుతున్నాడు, ఆమె వింటోంది.

ఒక మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలినవాడు గాఢంగా నిద్రపోయాడు. ఇంతలో సందు మొదట్లో ఉల్లిగడ్డల బండి మైకు మొదలైంది. త్రిపురసుందరి చెప్పులు కూడా లేకుండా ఎండలోకి పరుగెత్తి బండికి అడ్డం నిలబడింది.

"జర ఆపు నాయనా," అంది, తనకి అలవాటు లేని ఆ ఊరి మాటలో. "మా ఆయన పడుకున్నాడు."